విప్పే ముందు చూడండి

కంప్యూటర్ మొరాయించగానే మనలో చాలామంది చేసేవి రెండే పనులు. ఆపి మళ్లీ ఆన్ చేస్తాం. అదీ కుదరకపోతే సీపీయూ బండి మీద పెట్టుకుని షాపుకి పోతాం. మొదటిదాంతో ఒక్కోసారి పని జరిగిపోతుంది, ఎలా జరిగిందో మాత్రం తెలియదు. రెండోదాంతో డబ్బు పోతుంది, వారం పోతుంది, ఎందుకు పాడైందో అప్పటికీ తెలియదు. ఈ అధ్యాయం మూడో దారి గురించి. మెషీన్ ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, లోపం ఎక్కడుందో మీరే పట్టుకోవడం గురించి.

హార్డ్‌వేర్ పుస్తకంలో ఉండాల్సిన సంగతి ఇక్కడెందుకని అడగవచ్చు. ఓపిక పట్టడం, కళ్లతో చూసినదాన్నీ మనసులో ఊహించుకున్నదాన్నీ వేరు చేసుకోవడం, తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకోవడం - ఇవి ఉపన్యాసాలు వింటే రావు. ఎక్కడో ఒకచోట సాధన చేయాలి. అందుకు పాడైన కంప్యూటర్‌ని మించిన చోటు నాకు కనబడలేదు. దానికి మొహమాటం లేదు. మీ అంచనా తప్పయితే అక్కడికక్కడే చెప్పేస్తుంది, కానీ మిమ్మల్ని నలుగురిలో చిన్నబుచ్చదు. ఎన్నిసార్లు అడిగినా విసుక్కోదు.

పైగా ఇప్పుడు సమయం కూడా కలిసొచ్చింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 వేసుకుందామంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి, ప్రాసెసర్ కూడా దాని జాబితాలో ఉండాలి. దాంతో ఏ జబ్బూ లేని మెషీన్లు ఎన్నో అటకెక్కుతున్నాయి. వాటిలో లైనక్స్ హాయిగా నడుస్తుంది. ఒక పాత మెషీన్, ఒక స్క్రూడ్రైవర్, 8 జీబీ పెన్‌డ్రైవ్ ఉంటే ఈ అధ్యాయం చదవడానికి కావలసిన సరంజామా అంతా మీ దగ్గరున్నట్టే.

పోయిందంటే ఏమైంది?

ఇలాంటి ఫోను మన ఇళ్లలో కొత్తేమీ కాదు.

"బాబాయ్, మా సిస్టమ్ పోయింది."

"పోయిందంటే ఏమైందిరా? స్విచ్ నొక్కితే ఏం జరుగుతోంది?"

"ఏమీ రావట్లేదు."

"ఫ్యాన్ తిరుగుతోందా?"

"ఆఁ, తిరుగుతోంది. లైటు కూడా వెలుగుతోంది."

"మరి ఏమీ రావట్లేదన్నావు?"

"స్క్రీన్ మీద ఏమీ రావట్లేదు బాబాయ్."

"మానిటర్ లైటు ఏ రంగులో ఉంది?"

"నారింజ రంగు."

"సరే. కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కు. దాని లైటు వెలిగి ఆరుతోందా?"

"ఆఁ... నొక్కినప్పుడల్లా మారుతోంది."

"అయితే సిస్టమ్ బాగానే ఉన్నట్టుంది. నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది చెప్పు. ఎవరైనా ఏమైనా కదిపారా?"

"నిన్న అమ్మ టేబుల్ జరిపి దుమ్ము దులిపింది. వైర్లన్నీ నేనే మళ్లీ పెట్టాను."

"మానిటర్ వైరు ఎక్కడ పెట్టావు? పైన కీబోర్డు, యూఎస్‌బీ ఉండే చోటా, కింద గ్రాఫిక్స్ కార్డు దగ్గరా?"

"పైన."

"కింద పెట్టు."

అంతే, స్క్రీన్ వెలిగింది. గ్రాఫిక్స్ కార్డు ఉన్న మెషీన్‌లో మదర్‌బోర్డు మీది డిస్‌ప్లే పోర్టు చాలాసార్లు పని చేయకుండా ఉంటుంది. ఈ చిన్న విషయం తెలియక కొత్త మానిటర్ కొన్నవాళ్లున్నారు. ఈ సంభాషణలో బాబాయ్ ఏ భాగాన్నీ తప్పుపట్టలేదు. క్యాప్స్ లాక్ లైటు మారుతోందంటే మదర్‌బోర్డు కీబోర్డు మాట వింటోందన్నమాట. ప్రాసెసర్, ర్యామ్, పవర్ సప్లయ్ మూడూ పనిలో ఉన్నట్టే. ఒక్క ప్రశ్నతో అనుమానితుల్లో సగం మందిని పక్కన కూర్చోబెట్టాడాయన.

కాబట్టి మొదటి అలవాటు ఇది. చెయ్యి పెట్టే ముందు ఒక కాగితం మీద మూడు ముక్కలు రాయండి. నేను ఏం చేశాను, ఏం జరగాలి, ఏం జరిగింది. మూడోదాంట్లో మీ అభిప్రాయం కలపకండి. "ర్యామ్ పోయినట్టుంది" అని రాయకూడదు. "స్విచ్ నొక్కాక ఫ్యాన్ రెండు సెకన్లు తిరిగి ఆగింది, మళ్లీ దానంతటదే తిరిగింది" అని రాయాలి. తెర మీద ఇంగ్లీషులో ఏదైనా వస్తే అక్షరం పొల్లుపోకుండా ఫోనుతో ఫొటో తీయండి. చదవకుండా ఓకే నొక్కేసిన మెసేజ్‌లోనే చాలాసార్లు జవాబు ఉంటుంది.

సగానికి సగం

మీ ఊళ్లో పదకొండు కేవీ లైను మీద ఎక్కడో ఫాల్ట్ వచ్చిందనుకోండి. లైన్‌మన్ మొదటి స్తంభం నుంచి చివరి స్తంభం దాకా ఎక్కుతూ పోడు. మధ్యలో ఉన్న ఏబీ స్విచ్ తీసి, ఇవతలి సగం ఛార్జ్ చేయిస్తాడు. నిలబడితే తప్పు అవతల ఉన్నట్టు. మళ్లీ ఆ సగంలో సగం. కంప్యూటర్‌కీ ఇదే పద్ధతి.

స్విచ్ నొక్కిన దగ్గర్నుంచి లాగిన్ తెర వచ్చేదాకా ఒక వరస ఉంది. గోడ నుంచి కరెంటు, ఎస్‌ఎంపీఎస్ అనే పవర్ సప్లయ్ డబ్బా, మదర్‌బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ పరీక్ష, డిస్‌ప్లే, కంపెనీ లోగో, ఆ తర్వాత గ్రబ్ అనే బూట్ మెనూ, లైనక్స్ కెర్నల్, డిస్కుల అమరిక, సర్వీసులు, చివరికి లాగిన్. ఈ గొలుసుకి నట్టనడుమ లోగో ఉంది. అందుకే ముందు అడగాల్సిన ప్రశ్న "లోగో కనబడిందా?" అనేది. కనబడితే అప్పటికి ఇనుము, అంటే హార్డ్‌వేర్ వైపు పెద్ద భాగం పాసైనట్టే, ఇక డిస్కూ లైనక్సూ చూసుకోవాలి. కనబడకపోతే లైనక్స్‌ని తిట్టే పని లేదు. అది ఇంకా నిద్రే లేవలేదు.

లోగో రాలేదనుకుందాం. గోడ స్విచ్ కట్టేసి, వైరు పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన ఛార్జ్ పోతుంది. క్యాబినెట్ ఇనుప రేకుని చేత్తో తాకితే మీ ఒంట్లోని స్టాటిక్ కూడా పోతుంది. ఇప్పుడు విప్పండి. అసలు ఆన్ కూడా కాకపోతే, మదర్‌బోర్డు మీద చిన్న లైటు వెలుగుతోందేమో గమనించండి. వెలిగితే ఎస్‌ఎంపీఎస్ నుంచి 5 వోల్టుల స్టాండ్‌బై వస్తోందని మాత్రమే అర్థం. 12 వోల్టులూ వస్తున్నాయని దాన్నిబట్టి చెప్పలేం. క్యాబినెట్ ముందున్న బటనే అరిగిపోయి ఉండవచ్చు. దాని వైరు మదర్‌బోర్డు నుంచి ఊడదీసి, ఆ పవర్ స్విచ్ పిన్నులు రెండింటినీ స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలపండి. మెషీన్ లేచిందంటే చవకైన స్విచ్ కోసం మదర్‌బోర్డు మార్చబోయి తప్పించుకున్నారన్నమాట.

ఆన్ అవుతోంది కానీ లోగో లేదంటే మెషీన్‌ని బట్టలిప్పి నిలబెట్టాలి. బోర్డు, ప్రాసెసర్, దాని ఫ్యాన్, ఒకే ఒక ర్యామ్ ముక్క, ఎస్‌ఎంపీఎస్. ఇంతే ఉంచండి. ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉంటే కార్డు కూడా తీసేయండి. డిస్కులు, యూఎస్‌బీ సామాన్లు, డీవీడీ డ్రైవ్ అన్నీ బయటికి. ఇప్పుడు లోగో వస్తే, తీసినవాటిని ఒక్కొక్కటే వెనక్కి పెడుతూ పోతే దొంగ దానంతటదే దొరుకుతుంది. రాకపోతే మిగిలిన ఆ నాలుగైదు వస్తువుల్లోనే ఉంది.

ఇక్కడ ర్యామ్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. పాత డెస్క్‌టాప్‌లలో లోగో రాకపోవడానికి నేను ముందు అనుమానించేది దాన్నే. ముక్కని బయటికి తీసి కింది అంచు చూడండి. బంగారు రంగు గీతలు వరసగా ఉంటాయి. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో, వంటగది పొగ పారే ఇళ్లలో వాటి మీద పల్చటి మరక పడుతుంది, వెలుతురులో వంచి చూస్తే తెలుస్తుంది. మెత్తటి పెన్సిల్ రబ్బరుతో ఒకే దిశలో నెమ్మదిగా రుద్ది, రబ్బరు పొట్టు పూర్తిగా దులపండి. స్లాట్‌లో దుమ్ముంటే బ్రష్‌తో తీయండి, నోటితో ఊదొద్దు, తడి చేరుతుంది. తిరిగి పెట్టేటప్పుడు రెండు వైపులా క్లిప్పులు టక్కుమని పడాలి. ఒక్కవైపే పడి రెండోవైపు వెంట్రుక మందం పైకి ఉంటే కంటికి సరిగానే ఉన్నట్టు కనబడుతుంది, మెషీన్ మాత్రం లేవదు.

రెండు ముక్కలు, రెండు స్లాట్లు ఉన్నాయనుకోండి. నాలుగు పరీక్షలు చేయండి. మొదటి ముక్క రెండు స్లాట్లలో, రెండో ముక్క రెండు స్లాట్లలో. ఫలితాలు కాగితం మీద నాలుగు గళ్లలో రాయండి. మొదటి ముక్క ఎక్కడ పెట్టినా లోగో రాకపోతే ముక్క పాడు. ఏ ముక్క పెట్టినా రెండో స్లాట్‌లో రాకపోతే స్లాట్ పాడు. ఈ నాలుగు గళ్లు నింపడానికి పది నిమిషాలు చాలు. కానీ ఒక పరీక్ష చేసి "ఆఁ, ర్యామే" అని తేల్చేసి కొత్తది కొనుక్కొచ్చి, అదే పాడు స్లాట్‌లో పెట్టి, కొత్తది కూడా పాడేనని షాపువాడితో గొడవపడేవాళ్లు ఎందరో.

మదర్‌బోర్డుకి చిన్న స్పీకర్ తగిలిస్తే అది బీప్‌ల లెక్కతో లోపమేమిటో చెబుతుంది. లెక్క కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి బోర్డు మాన్యువల్ చూసుకోవాలి. కొత్త బోర్డుల్లో చాలావాటికి సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు బుల్లి లైట్లుంటాయి, ఏది వెలిగి ఆగిపోతే తప్పు అక్కడ. ఇంకో సంగతి. డీడీఆర్5 ర్యామ్ ఉన్న కొత్త మెషీన్ మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌ని సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకోవచ్చు. అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. కంగారుపడి స్విచ్ నొక్కేస్తే మళ్లీ మొదటికొస్తుంది. కాఫీ తాగి రండి.

సగానికి సగం విరగ్గొట్టే ఈ పద్ధతిని లైనక్స్ తయారుచేసేవాళ్లూ రోజూ వాడతారు. లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2005లో, కోడ్‌లో జరిగే మార్పులన్నీ వరసగా దాచే గిట్ అనే సాధనం తయారుచేశారు. అందులో బైసెక్ట్ అనే ఆదేశం ఉంది. నిన్నటి కెర్నల్‌లో పనిచేసిన సౌండ్ ఇవాళ్టి కెర్నల్‌లో పనిచేయడం లేదు, మధ్యలో వెయ్యి మార్పులు జరిగాయి అనుకోండి. బైసెక్ట్ సరిగ్గా నడిమి మార్పు దగ్గరికి తీసుకెళ్లి "ఇక్కడ బాగుందా?" అని అడుగుతుంది. జవాబిస్తూ పోతే సుమారు పది ప్రశ్నల్లో దోషి దొరుకుతుంది. పదిసార్లు సగం చేస్తే వెయ్యి ఒకటవుతుంది మరి. అంత పెద్ద ప్రాజెక్టులో ఎవరు చేసిన ఏ మార్పు వల్ల ఏది పాడైందో ఏ మేధావీ ఊహించి చెప్పనక్కర్లేకుండా పోయింది.

ఒక్కసారికి ఒక్కటే

లోపం దొరకనప్పుడు చెయ్యి దురద పెడుతుంది. కేబుల్ మార్చి, బయోస్ రీసెట్ చేసి, డ్రైవర్ కొత్తది వేసి, ఇంకో పోర్టులో పెట్టి ఒకేసారి ఆన్ చేయాలనిపిస్తుంది. చేస్తే బాగవచ్చు కూడా. కానీ నాలుగింటిలో ఏది బాగు చేసిందో తెలియదు. వచ్చేనెల అదే జబ్బు వస్తే మళ్లీ నాలుగూ చేయాలి. అంతకంటే ఘోరం ఏమిటంటే, ఒకటి బాగు చేస్తే ఇంకొకటి కొత్త లోపం తెచ్చిపెట్టి ఉండవచ్చు. ఒక మార్పు, ఒక పరీక్ష, ఒక వరస రాత. ఫలితం లేకపోతే ఆ మార్పుని వెనక్కి తీసుకుని తర్వాతదానికి వెళ్లండి.

హార్డ్ డిస్క్ దగ్గర ఈ క్రమశిక్షణ విలువ బాగా తెలుస్తుంది. ఫైళ్లు కాపీ చేస్తుంటే మెషీన్ బిగుసుకుపోతోంది. డిస్క్ పోయిందని అందరూ అంటారు. డిస్క్‌నే అడగండి. లైనక్స్‌లో స్మార్ట్‌మాన్‌టూల్స్ అనే ప్యాకేజీ వేసుకుని, స్మార్ట్‌సీటీఎల్ ఆదేశం ఇస్తే సాటా హార్డ్ డిస్క్ తన ఆరోగ్య చరిత్ర పట్టికగా చూపిస్తుంది. అన్నీ అర్థం కానక్కర్లేదు, ముందు మూడు వరసలు చూడండి. 5వ నంబరు వరస, పాడైపోగా పక్కనపెట్టిన సెక్టార్ల లెక్క. 197, చదవడం కుదరక అనుమానంలో ఉన్న సెక్టార్ల లెక్క. 199, డిస్క్‌కీ బోర్డుకీ మధ్య సమాచారం చెదిరిపోయిన సందర్భాల లెక్క. మొదటి రెండూ పెరుగుతుంటే డిస్క్ ఉపరితలం దెబ్బతింటోంది. ఆ రెండూ సున్నాగా ఉండి 199 మాత్రమే పెరుగుతుంటే డిస్క్ జోలికి పోకముందు సాటా కేబుల్ మార్చండి. డిస్క్ ముందు ఆ కేబుల్ ఖరీదు చాలా తక్కువ. మార్చాక 199 అంకె తగ్గలేదని నిరాశపడకండి, అది తగ్గే లెక్క కాదు. ఇవాళ్టి అంకె రాసుకుని, నాలుగు రోజులు వాడి మళ్లీ చూడండి. పెరగలేదంటే జబ్బు కుదిరినట్టే.

197 పెరుగుతున్న డిస్క్ దొరికితే మాత్రం మరమ్మతు ఆలోచన మానుకోండి. ఆ క్షణం నుంచి మీ పని ఒక్కటే, అందులోని డేటాని బయటపడేయడం. పెళ్లి ఫొటోలు, నాన్నగారి పొలం కాగితాల స్కాన్లు, పిల్లల ప్రాజెక్టులు ముందు ఇంకో డిస్క్‌లోకి చేరాలి. డిడి-రెస్క్యూ అనే సాధనం సులువుగా చదవగలిగినవన్నీ మొదట తెచ్చేసి, మొండికేసిన చోట్లకి చివర్లో తిరిగొస్తుంది. చావుబతుకుల్లో ఉన్న డిస్క్ మీద ఫైల్ సిస్టమ్‌ని సరిచేసే ఎఫ్‌ఎస్‌సీకే నడిపి "రిపేర్" చేయబోతే మిగిలింది కూడా చెదురుతుంది. ఎఫ్‌ఎస్‌సీకే మంచి సాధనమే, కానీ దాన్ని వాడకంలో లేని పార్టిషన్ మీద, కాపీ తీసుకున్నాకే నడపాలి.

ఎప్పుడు పడితే అప్పుడు ఆగిపోయే మెషీన్‌కి ఓపిక ఇంకా ఎక్కువ కావాలి. మధ్యాహ్నం ఎండవేళే ఆగుతోందా? సెన్సార్స్ ఆదేశంతో వేడి చూడండి, ఫ్యాన్ దుమ్ము దులపండి, ప్రాసెసర్ మీది థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటే మార్చండి. వేళాపాళా లేకుండా ఆగుతోందా? ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్ రాత్రంతా నడపండి. అందులో ఒక్క తప్పు వచ్చినా ఎక్కువే. "ఒక్కటేగా" అని వదిలేయకండి.

ఐదున్నర గంటలు

నాకు బాగా ఇష్టమైన లోపం ఒకటి చెబుతాను. ఒకే మెషీన్‌లో విండోసూ లైనక్సూ రెండూ ఉన్నాయి. లైనక్స్ వాడి విండోస్‌లోకి వస్తే గడియారం తప్పు. సరిచేసి లైనక్స్‌లోకి వెళ్తే అక్కడ తప్పు. మదర్‌బోర్డు మీది బ్యాటరీ పోయిందని చెప్పి షాపులో మార్చారు. అయినా తప్పే.

తేడా ఎంతో కొలిచారా? విండోస్‌లో గడియారం సరిగ్గా ఐదున్నర గంటలు వెనక ఉంది. ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. గ్రీనిచ్ కాలానికీ మన కాలానికీ తేడా అంతే కదా. మదర్‌బోర్డు మీద ఉండే గడియారాన్ని లైనక్స్ గ్రీనిచ్ కాలంలో, అంటే ప్రపంచ కాలంలో ఉంచుతుంది, చూపించేటప్పుడు ఐదున్నర కలుపుతుంది. విండోస్ అదే గడియారాన్ని మన స్థానిక కాలం అనుకుని ఉన్నదున్నట్టు చదువుతుంది. ఇద్దరిదీ తప్పు కాదు, ఒప్పందం కుదరలేదంతే. లైనక్స్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ ఆదేశంతో హార్డ్‌వేర్ గడియారాన్ని స్థానిక కాలంలో ఉంచమని చెప్పవచ్చు, లేదా విండోస్‌నే ప్రపంచ కాలానికి మార్చవచ్చు. రెండోదే శుభ్రమైన పద్ధతి.

నిజంగా బ్యాటరీయే పోయిన మెషీన్ వేరేగా ప్రవర్తిస్తుంది. సీఆర్2032 అనే 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ అది. అది అయిపోతే గోడ కరెంటు తీసిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. చిత్రమేమిటంటే ఇంట్లోవాళ్లు గడియారం గురించి ఫిర్యాదు చేయరు. "నెట్ రావట్లేదు, బ్యాంకు సైటు తెరుచుకోవట్లేదు" అంటారు. వెబ్‌సైట్లు చూపించే భద్రతా సర్టిఫికెట్‌కి మొదలు తేదీ, ముగింపు తేదీ ఉంటాయి. మెషీన్ తాను పదిహేనేళ్ల కిందట ఉన్నాననుకుంటే ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు, అందుకే బ్రౌజర్ తలుపు వేసేస్తుంది. రూటర్ మార్చినా, కేబుల్‌వాడిని పిలిచినా లాభం లేదు. నొప్పి ఒకచోట, పుండు ఇంకోచోట. ఇలాంటివి పట్టుకున్న రోజు కలిగే ఆనందం, ఒక్కసారి రుచి చూస్తే వదలదు.

లైనక్స్ రాసిపెట్టేవి

లోగో వచ్చింది, గ్రబ్ వచ్చింది, ఆ తర్వాత ఆగింది. ఇప్పుడు మీ అదృష్టం ఏమిటంటే లైనక్స్ తాను చేసే పనులన్నీ రాసి పెడుతుంది. తాను ఎక్కడ తడబడిందో మీ నుంచి దాచదు. అలా రాసిపెట్టింది చదవడమే చాలామంది మర్చిపోతారు.

ఒక సందర్భం దగ్గరగా చూద్దాం. పాత మెషీన్‌లోంచి రెండో హార్డ్ డిస్క్ తీసి తమ్ముడికి ఇచ్చేశారు. తర్వాత ఆన్ చేస్తే తెర మీద ఏదో జాబ్ నడుస్తోందని, పక్కన సెకన్ల లెక్క, దాని పరిమితి నిమిషం ముప్పై సెకన్లని కనబడుతోంది. ఆ తొంభై సెకన్లూ అయ్యాక ఎమర్జెన్సీ మోడ్ అని నల్లటి తెర. లైనక్స్ పాడైందని మళ్లీ ఇన్‌స్టాల్ చేసేవాళ్లుంటారు. నిజానికి అది మీ తమ్ముడికిచ్చిన డిస్క్ కోసం ఎదురుచూస్తోంది. ఏ డిస్క్ ఎక్కడ తగిలించాలో ఈటీసీ ఫోల్డర్‌లోని ఎఫ్‌ఎస్‌ట్యాబ్ అనే ఫైల్‌లో ఉంటుంది. డిస్క్ పోయింది, ఆ వరస మాత్రం మిగిలిపోయింది.

ఎమర్జెన్సీ తెరలో ఎంటర్ కొట్టమనో, రూట్ పాస్‌వర్డ్ ఇమ్మనో అడుగుతుంది. లోపలికి వెళ్లాక జర్నల్‌సీటీఎల్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి హైఫన్, ఎక్స్, బి చేర్చండి. ఈసారి బూట్ అయినప్పటి కథంతా వస్తుంది. ఎర్ర అక్షరాలు చాలా కనబడతాయి. కింది నుంచి చదవడం మన అలవాటు, ఎందుకంటే చివరి మెసేజే కళ్ల ముందుంటుంది. పై నుంచి వెతికి మొదటి వైఫల్యం పట్టుకోండి. ఒకటి పడితే దాని మీద ఆధారపడినవన్నీ వరసగా పడతాయి, వాటి గోల పట్టించుకోనక్కర్లేదు. మొదటిది ఫలానా యూయూఐడీ (డిస్క్ గుర్తింపు నంబరు) ఉన్న డిస్క్ దొరకలేదని చెబుతుంది. ఎల్‌ఎస్‌బీఎల్‌కే ఆదేశంతో ఇప్పుడున్న డిస్కులు చూసుకుని, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఆ వరస మొదట్లో హ్యాష్ గుర్తు పెట్టండి. వరస చెరిపేయకండి, నిద్రపుచ్చండి, చాలు. రీబూట్ చేస్తే లాగిన్ వచ్చేస్తుంది. ఒకప్పుడుండి ఒకప్పుడుండని బయటి డిస్కులకైతే ఆ వరసలో నోఫెయిల్ అనే మాట చేర్చితే ఇంకెప్పుడూ ఈ తిప్పలు ఉండవు.

ఒకే మెషీన్‌లో రెండు లైనక్స్‌లు వేసినప్పుడు కూడా ఈ తొంభై సెకన్ల ఆలస్యం వస్తుంది. రెండోది ఇన్‌స్టాల్ అవుతూ ఉమ్మడి స్వాప్ పార్టిషన్‌ని ఫార్మాట్ చేస్తుంది, దాని యూయూఐడీ మారిపోతుంది, మొదటిది పాత నంబరు కోసం వెతుకుతూ కూర్చుంటుంది.

క్రితంసారి ఎందుకు ఆగిపోయిందో తెలియాలంటే జర్నల్‌సీటీఎల్‌కి హైఫన్ బి, హైఫన్ ఒకటి ఇవ్వండి. పెన్‌డ్రైవ్ పెడితే కనబడటం లేదంటే డి-ఎం-ఇ-ఎస్-జి ఆదేశానికి హైఫన్ డబ్ల్యూ చేర్చి, సుడోతో (అంటే అడ్మిన్ అధికారంతో) నడుపుతూ పెన్‌డ్రైవ్ పెట్టండి. కెర్నల్‌కి తెలిసిందో లేదో ఆ క్షణంలోనే కనబడుతుంది. వైఫై రాకపోతే ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్ అడగండి. హార్డ్ బ్లాక్ అని ఉంటే సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ అనవసరం, ల్యాప్‌టాప్ పక్కనో కీబోర్డు మీదో ఉన్న స్విచ్ చూసుకోండి. సరైన పాస్‌వర్డ్ ఇచ్చినా మళ్లీ లాగిన్ తెరే వస్తుంటే డి-ఎఫ్ కొట్టి డిస్క్ నిండిపోయిందేమో చూడండి. అప్‌డేట్ చేశాక తెర నల్లబడితే గ్రబ్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలోకి వెళ్లి పాత కెర్నల్‌తో లేపండి. గ్రాఫిక్స్ డ్రైవర్ అనుమానమైతే, గ్రబ్‌లో ఇ నొక్కి లైనక్స్ అని మొదలయ్యే వరస చివర నోమోడ్‌సెట్ చేర్చండి. ఆ మార్పు ఆ ఒక్కసారికే, శాశ్వతం కాదు, కాబట్టి భయం అక్కర్లేదు.

ఏదీ కుదరకపోతే, ఇన్‌స్టాల్ చేయకుండానే లైనక్స్ నడిపే లైవ్ పెన్‌డ్రైవ్‌తో లేపండి. లైవ్‌లో అదే వైఫై, అదే సౌండ్ పనిచేస్తే హార్డ్‌వేర్ బాగున్నట్టే, తప్పు మీ ఇన్‌స్టలేషన్‌లో ఉంది. మళ్లీ సగానికి సగం.

ఇక సాయం అడగాల్సి వస్తే సిగ్గుపడకండి, కానీ ఖాళీ చేతులతో వెళ్లకండి. ఏ డిస్ట్రో, ఏ వెర్షన్, ఏ హార్డ్‌వేర్, ఏం చేశారు, అక్షరాలా ఏ మెసేజ్ వచ్చింది, ఇప్పటిదాకా ఏమేం ప్రయత్నించారు. ఇవి రాసుకుంటూ ఉండగానే సగం ప్రశ్నలకి జవాబు మీకే తడుతుంది. ఎవరైనా ఇచ్చిన ఆదేశంలో సుడో ఉంటే, ప్రతి ముక్కా ఏం చేస్తుందో మాన్ పేజీలో చదివాకే ఎంటర్ కొట్టండి. డిస్క్ మీద నేరుగా రాసే డిడి ఆదేశమైతే మరీ జాగ్రత్త. ఒక్క అక్షరం తేడాతో పెన్‌డ్రైవ్ బదులు మీ అసలు డిస్క్ తుడుచుకుపోతుంది. ఎల్‌ఎస్‌బీఎల్‌కేలో సైజు చూసి, పెన్‌డ్రైవ్ తీసి మళ్లీ పెట్టి, ఏ పేరు మాయమై తిరిగొచ్చిందో రూఢి చేసుకున్నాకే కొట్టండి.

చేయి పెట్టకూడని చోట్లు

ఎస్‌ఎంపీఎస్ డబ్బా విప్పకండి. ప్లగ్ పీకేశాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్లు ప్రమాదకరమైన ఛార్జ్ పట్టి ఉంచుతాయి. అనుమానం వస్తే మంచిది ఇంకొకటి తెచ్చి పెట్టి చూడండి. ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ పైకి లేచిందంటే కింద బ్యాటరీ ఉబ్బుతోందని అనుమానించాలి. నొక్కకండి, గుచ్చకండి, ఛార్జింగ్ పెట్టకండి, సర్వీసువాళ్లకి అప్పగించండి. మదర్‌బోర్డు మీద టంకం పని నేర్చుకోనిదే మొదలుపెట్టకండి. షాపుకి వెళ్లడం ఓటమి కాదు. "ఈ ముక్క రెండు స్లాట్లలోనూ పరీక్షించాను, రెండో స్లాట్ పనిచేయడం లేదు" అని కాగితం చూపిస్తే అక్కడి మెకానిక్ మీతో మాట్లాడే తీరే మారిపోతుంది. సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట ఏ అంతస్తుకి వెళ్లినా, ఏం కావాలో తెలిసిన మనిషికీ తెలియని మనిషికీ దొరికే సరుకులో తేడా ఉంటుంది.

ఇంట్లో సాధన

డేటా పోయినా బాధలేని పాత మెషీన్ ఒకటి పక్కన పెట్టుకోండి. ఆదివారాలు తమ్ముడినో చెల్లెలినో స్నేహితుడినో కూర్చోబెట్టుకుని ఒక ఆట ఆడండి. ఒకరు బయటికి వెళ్తారు, ఇంకొకరు ఒకే ఒక లోపం పెడతారు. ర్యామ్ ముక్కని సగం పైకి లేపడం, సాటా వైరు వదులు చేయడం, బయోస్‌లో బూట్ వరస మార్చడం, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో లేని డిస్క్ పేరొకటి చేర్చడం, బిళ్ల బ్యాటరీ తీసేయడం. క్యాబినెట్ లోపలి పనులన్నీ ప్లగ్ పీకేశాకే. వచ్చినవాళ్లు స్క్రూడ్రైవర్ ముట్టుకునే ముందు కాగితం మీద మూడు ముక్కలు రాయాలి, తాము ఏది అనుమానిస్తున్నారో, ఏ పరీక్షతో తేలుతుందో పైకి చెప్పాలి. పరీక్ష పేరు చెప్పకుండా ఏ భాగం ముట్టుకున్నా ఒక పాయింటు పోతుంది. లోపం పెట్టినవాళ్లు నవ్వకూడదు, కళ్లతో సైగ చేయకూడదు, అడిగినదానికి నిజం మాత్రం చెప్పాలి. దొరికాక పాత్రలు మార్చుకోండి. నాలుగు వారాలయ్యాక ఒకేసారి రెండు లోపాలు పెట్టడం మొదలుపెట్టండి, ఒకటి ఇనుములో, ఒకటి లైనక్స్‌లో.